తిరగేసిన రేకులు

మొన్న ఖాజాగూడలో ఉన్నట్టుండి వాన పట్టుకుంది. పరుగున వెళ్లి ఒక చాయ్ దుకాణం రేకుల కింద నిలబడ్డాను. రేకు మీద చినుకుల మోత వినగానే నా కళ్లు వాటంతట అవే పైకి వెళ్లి, మేకులు ఎక్కడ కొట్టారో చూశాయి. ముసలితనంలోనూ పోని ఈ అలవాటు నాకు అంటించినవాడు రాజయ్య మామ.

డెబ్బైల తొలి రోజుల్లో నేను లింగంపల్లి బడిలో పంతులుని. మా భజన మండలికి గుడి లేదు. ఒక డాక్టరుగారు కారు అమ్మేసి, ఖాళీ అయిన షెడ్డును మాకిచ్చారు. దాని కప్పు దాదాపు చదునుగా ఉండేది. తుప్పు రేకుల మీద నీళ్లు జారక, నిలిచి, మా నెత్తిన కారేవి. ఆ శ్రావణంలో ఏడు రోజుల పురాణ పారాయణ మొదటిసారి నా వంతుకు వచ్చింది. మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. పుస్తకమేమో మా తాతగారు చేత్తో రాసుకున్నది. తడిస్తే అక్షరం మిగలదు.

రాజయ్య మామ రేకుల మేస్త్రీ. చదువు రాదు. భజనలో వెనక కూర్చుని చప్పట్లు కొట్టేవాడు, ఎప్పుడూ తాళం తప్పేవాడు. షెడ్డు పాత రేకులు విప్పేసి, వెనకగోడ మీద రెండు వరసల ఇటుకలు లేపి వాలు పెంచాడు. పారాయణకు ముందురోజు తారు కోసం మూసాపేట బయలుదేరుతూ చెప్పాడు: "కొత్త రేకులు పరిచిపెట్టున్రి. నేనొచ్చేదాక మేకు ముట్టకున్రి."

ఆయన అటు వెళ్లగానే మబ్బు కమ్మింది. స్వామి కార్యానికి ఆలస్యమేమిటని నేనే పైకెక్కి పాట అందుకున్నాను. అందరం దెబ్బకొక మేకు చొప్పున తాళం తప్పకుండా కొట్టాం. అలలు అలలుగా ఉన్న రేకు గట్టు మీద కొడితే సుత్తి ఎగురుతోంది, కాలువలో కొడితే సులువుగా దిగుతోంది. అది స్వామి దయే అనుకున్నాను.

మామ వచ్చి, నిచ్చెన ఎక్కి, తారు డబ్బా కింద పెట్టాడు.

"ఏంది పంతులూ, నీళ్లు పారేది ఏడ?"

"కాలువలో."

"మరి చిల్లులు గొట్టింది ఏడ?"

నేను మేకుల వరస చూశాను. అన్నీ కాలువల్లోనే ఉన్నాయి.

"నాకు తాళం రాదని నవ్వుతరు గదా! ఇయ్యాల తాళం మంచిగనే గొట్టిన్రు. మేకులే తప్పు జాగల గొట్టిన్రు."

అందరూ పకపకా నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. "పారాయణ ఆపేద్దాం మామా. అంతా నా అహంకారం" అన్నాను.

"గంత పెద్ద మాటలెందుకు? ఫికర్ చెయ్యకు. ముందు మేకులు పీకు."

పీకిన రేకును ఆయన ఎత్తి, బోర్లా తిప్పాడు. "చూడు. కాలువ గట్టయింది, గట్టు కాలువయింది. నీ చిల్లులన్నీ ఇగ గట్టు మీదున్నయి. నీళ్లు గాడికెక్కుతయా? గా చిల్లులల్లనే మేకు కొట్టి తారు పూద్దాం. పాడు పంతులూ! ఈసారి నా తాళానికి కొట్టాలె."

తాళం తప్పిన ఆ భజనంత ఆనందం నాకు మళ్లీ ఏ భజనలోనూ దొరకలేదు.

మర్నాడు పారాయణ మొదలవగానే కుండపోత. నేను పుస్తకం మూయబోయాను. ఇదివరకు ధార కట్టిన చోటే కూర్చున్న మామ, బట్టతల నిమురుకుని అరచెయ్యి చూపించాడు.

"పొడిగనే ఉన్నది. చదువు!"

ఏడు రోజులూ చదివాను. తాతగారి అక్షరం ఒక్కటీ చెదరలేదు.

ఇప్పటికీ పొద్దున్నే దీపం పెట్టి, నాలో తప్పుచోట పడ్డ చిల్లులను పూడ్చమని స్వామిని అడగను. నన్ను తిరగేయమని అడుగుతాను.