అమ్మ కట్టుడుపళ్ళ పద్యం

ఐవీ సట్‌క్లిఫ్‌కు కాలు ఒకచోట నిలిచేది కాదు. ఇంగ్లండులోని హాలిఫాక్స్ ఊళ్ళో తివాచీల మిల్లులో పనిచేసే రోజుల్లోనే ఎవరి పెళ్ళికైనా నాలుగు ప్రాసలు అల్లి, టీ తాగే వేళ చదివి అందరినీ పగలబడి నవ్వించేది. మిల్లు మూతపడ్డాక ఆ ప్రాసలే కూడు పెట్టాయి. యాభై దాటిన మనిషిని రేడియోవాళ్ళు పిలిచి శుక్రవారం పొద్దుటి కార్యక్రమంలో పద్యం చదివే పని అప్పజెప్పారు. లండన్ యాస అంటించుకోకుండా, ఇంట్లో మాట్లాడే మాటతోనే చదివేది. కొన్నాళ్ళకు ఆ గొంతు తెలియని వంటిల్లు ఆ చుట్టుపక్కల లేకపోయింది. ఏ క్లబ్బు పిలిచినా, ఏ చర్చి హాలు పిలిచినా బస్సెక్కేది. పద్యాలూ బస్సుల్లోనే రాసేది. ఇంట్లో కుర్చీలో కూర్చుంటే ఒక్క చరణం కదిలేది కాదు.

చుట్టూ ఉన్న మనుషులే ఆమె సరుకు. పక్కింటి పావురాలూ ఎదురింటి కాపురాలూ ఏవీ వదిలేది కాదు. "నోరు మూసుకోండర్రా, శుక్రవారం రేడియోలో పడతాం" అని జనం వేళాకోళమాడేవారే గాని, నిజంగా ఎవరూ కోపగించుకోలేదు. అక్క మాబెల్ వంతు వచ్చేదాకా అంతే.

ఆ వసంతంలో, చనిపోయిన తమ తల్లి మీద ఐవీ రేడియోలో ఒక పద్యం చదివింది. స్కార్‌బరో సముద్రంలో అల కొట్టి ముసలామె కట్టుడుపళ్ళు కొట్టుకుపోవడం, ఆమె బోసినోటితో అలల్ని తిట్టిపోయడం. విన్నవాళ్ళంతా నవ్వారు. మార్కెట్లో మాబెల్‌కు చేపల కొట్టు ఉంది. మర్నాడు వచ్చిన ప్రతివాడూ "మీ అమ్మ పళ్ళు ఈ చేప కడుపులో ఉన్నాయేమో చూడు" అన్నవాడే. ఆదివారం భోజనానికి వెళ్ళిన చెల్లెలికి మాబెల్ తలుపు తీయలేదు. ఆ తరవాత ఆదివారమూ తీయలేదు.

ఐవీకి ఒక్క చరణమూ రాలేదు. బస్సెక్కి చివరి స్టాపు దాకా పోయి, దిగకుండానే వెనక్కి వచ్చేది. చేతిలో పెన్సిలు, ఒళ్ళో తెల్లకాగితం. దానికి తోడు రేడియో కార్యక్రమం నడిపే కాలిన్ పోరు. "జనం ఆ పళ్ళ పద్యమే మళ్ళీ అడుగుతున్నారండీ. ఈ శుక్రవారం అదే చదివేయండి."

గురువారం ఐవీ చేపల కొట్టు దగ్గర వరసలో నిలబడింది. మాబెల్ తలెత్తకుండా ఒక చేపముక్క తూచి కాగితంలో చుట్టింది.

"నవ్వులాటకే కదా అక్కా. అమ్మే చెప్పి నవ్వేది."

"నీకు చెప్పి నవ్వేది. నెలకోసారి గాలిలా వచ్చిపోయేదానివి, నీ ముందు ఏడుస్తుందా?" మాబెల్ కత్తి బల్ల మీద పెట్టింది. "ఆ రోజు స్కార్‌బరోలో నువ్వున్నావా?"

"లేను."

"నేనున్నాను. రైల్లో ఇంటికొచ్చేదాకా నోటికి రుమాలు అడ్డం పెట్టుకునే ఉంది. టీ ఇస్తే తాగలేదు. ఏడుస్తోందని పక్కన కూర్చున్న నాకే చాలాసేపు తెలీలేదు. నీకు తెలిసిన సగం ఊరంతా పంచిపెట్టావు."

వెనకున్నావిడ "ఇంకా ఎంతసేపమ్మా?" అంది. ఐవీ పక్కకు తప్పుకుంది.

శుక్రవారం బస్సులో, ఇన్నాళ్ళూ రాని మాటలు వాటంతటవే వచ్చాయి. రైలు, రుమాలు, చల్లారిన టీ. మంచి చరణాలు. ఇంతకాలం రాసినవాటికన్నా మంచివి. స్టాపు వచ్చేసరికి ఆమె వాటిని కొట్టేసింది. అవి అక్కవి.

స్టూడియోలో కాలిన్ పాత కాగితం ముందు పెట్టాడు.

"ఇది చదవను నాయనా."

"మరి కొత్తది తెచ్చారా?"

"లేదు."

"వినేవాళ్ళకు చెప్పేశామండీ. ఇప్పుడేం చేయమంటారు?"

"ఏదో ఒక బ్యాండు రికార్డు వేయి" అని కోటు తీసుకుని బయటపడింది.

కాళ్ళు ఎటూ తోచక మార్కెట్టుకే లాక్కెళ్ళాయి. మాబెల్ ఆమెను చూసీ చూడనట్టు చేపలు సర్దింది.

"రేడియోలో బ్యాండు మోగింది ఇవాళ."

"ఆఁ."

"ఆ బాకా వాడికి ఊపిరి చాల్లేదు." ఇంకో చేపను బల్ల మీదికి లాగుతూ, "దిష్టిబొమ్మలా నిలబడకు. ఏప్రన్ కట్టుకో, జనం ఉన్నారు" అంది.

ఐవీ చేపలు చుట్టింది. కాసేపటికే ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారడం మొదలుపెట్టింది.

"పోవే, పో" అంది మాబెల్. "ఆదివారం పెందరాళే తగలడు. బంగాళాదుంపలు నువ్వే చెక్కాలి."

క్లబ్బుల్లో జనం ఆ తరవాత కూడా పళ్ళ పద్యం అడుగుతూనే ఉన్నారు. ఐవీ మరిచిపోయానని చెప్పేది. ఒక్కరూ నమ్మలేదు.