బందు రోజుల క్యాబుల జాబితా

ఈ సంగతి నేనే రాయాలి. ఇతరులు చెబితే ఇది ఎవడో అపరిచితుడి దుర్మార్గంగా మాత్రమే మిగిలిపోతుంది. అతనికి దారి చూపింది నేనన్న విషయం మరుగున పడుతుంది.

ప్రత్యేక తెలంగాణ ఉద్యమం సాగిన రోజుల్లో నేను హైటెక్ సిటీలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగుల క్యాబుల ఏర్పాట్లు చూసేవాణ్ణి. ప్రభుత్వ కొలువు నుంచి విరమించాక చేరిన పని అది. బందు ప్రకటించినప్పుడల్లా దారులూ వేళలూ మారేవి. అందరికీ విడివిడిగా ఫోన్ చేయడం నాకు క్రమం లేని పనిగా తోచింది. అందుచేత ఒక సోషల్ నెట్‌వర్కింగ్ సైటులో గ్రూపు తెరిచి, పేరు, ఫోన్ నంబరు, ఎక్కే చోటు, వేళ ఉన్న పట్టికను ప్రతి సాయంత్రం పెట్టేవాణ్ణి. ఆ గ్రూపు సభ్యులకే పరిమితమో, ఎవరైనా చూడగలరో నేను విచారించలేదు. పట్టిక కింద మాత్రం తప్పకుండా ఒక వాక్యం ఉండేది: "పొరపాట్లుంటే ఇక్కడే తెలియజేయగలరు."

తెలియజేశారు. "మార్కెట్ దగ్గర కాదండి, వెనక రెండో సందు, నీలం గేటు" అని ఒకరు. చందానగర్‌లో ఉండే ఒక అమ్మాయి, "పొద్దుగాల నాయిన డ్యూటీల ఉంటడు, నేనొక్కదాన్నే. డ్రైవరన్నను ఇంటి ముంగటికి రమ్మనుండ్రి సార్" అని రాసింది. ప్రతి సవరణనూ శ్రద్ధగా ఎక్కించాను. అంత నిర్దుష్టమైన జాబితా నా సర్వీసులో ఎన్నడూ తయారు చేయలేదు.

ఒక బందు నాటి ఉదయం ఆ అమ్మాయి, సెక్యూరిటీ గార్డుగా పనిచేసే తండ్రితో కలిసి నా గదిలోకి వచ్చింది. ఆయన ఒంటి మీద ఇంకా యూనిఫారం ఉంది.

"ఏంది సార్ ఇది? నా బిడ్డ ఒక్కతే ఉంటదని ఊరందరికీ చెప్తరా?"

మా క్యాబు కంటే పది నిమిషాల ముందు ఇంకేదో కారు వాళ్ల ఇంటి ముందు ఆగింది. మిగతాది ఆమే చెప్పింది.

"నా పేరు ఇంటిపేరుతోని చదివిండు సార్. 'మీ డ్రైవర్ బందుల చిక్కిండు, ఎక్కుండ్రి మేడం' అన్నడు. మన డ్రైవరన్న ఎన్నడన్న మేడం అన్నడా? 'చెల్లె, జల్ది రా' అంటడు. గందుకే ఎక్కలే. తలుపేసుకున్న."

పట్టికను అప్పటికప్పుడే తొలగించాను. ఆమె తన ఫోన్ నా ముందు పెట్టింది. ఎవరో ఆ పట్టికను మరో పేజీలో అతికించి ఉంచారు.

"మీరు తీసేసిన్రు. గిది ఎవరు తీస్తరు సార్?"



"ఇగ నౌకరి బంద్. నడువు," అన్నాడు తండ్రి. రేపటి నుంచి క్యాబులో నేనే వస్తానన్నాను. "ఎన్ని దినాలొస్తరు సార్, జర చెప్పుండ్రి," అన్నాడాయన.

ఆ అమ్మాయి కదల్లేదు. "తప్పు సారుది నాయినా. ఇంట్ల నేనెందుకు కూసోవాలె?"

నా ఎదుటే అంది. అనడమే న్యాయం.

పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాను. కారు నంబరు ఎవరూ చూడలేదు కనుక అది అంతటితో ఆగింది. ఆమె ఉద్యోగం మానలేదు, కానీ వాళ్లు ఆ ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చింది. కొత్త కిరాయి గది ఎక్కడో ఆమె నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. పెద్ద రోడ్డు మీద, డ్యూటీ వేళ మార్చుకున్న తండ్రి పక్కన ఉండగా క్యాబు ఎక్కేది. నేను ప్రతి సాయంత్రం ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాను.

ఇందులో నా జ్ఞాపకం తప్పినచోట చదువరులు సరిదిద్దాలని కోరుతాను. అయితే నలుగురూ చూసే చోట కాదు. నాకు విడిగా ఉత్తరం రాయండి. అందులో ఆ అమ్మాయి పేరు గానీ, ఆమె క్యాబు ఎక్కిన చోటు గానీ ఉండకూడదు.