మూడు రెప్పపాట్లు

ఆ రోజు వదిన మూడుసార్లు రెప్పలు కొట్టడం చూసి కూడా చూడనట్టు ఉన్నాను. తప్పు నాదే.

ఎల్బీనగర్‌లో మా అన్న వేసిన వింతల ప్రదర్శన గుడారంలో ఆమె నాగకన్య. ఒళ్ళు పెట్టెలో దాచి తల మాత్రం పైకి పెట్టేది. మెడ చుట్టూ గుడ్డతో కుట్టిన పాము ఉండేది. మాట్లాడితే గుట్టు బయటపడుతుందని, దాహమేస్తే అలా రెప్పలు కొట్టేది. ఆ రోజు తెలంగాణ కోసం రాస్తారోకో జరిగి బస్సులు ఆగడంతో జనం లోపలికి తోసుకొచ్చారు. తెర దించి నీళ్ళివ్వకుండా, జనాన్ని పిలుస్తూ మైకులో అరుస్తూనే ఉన్నాను. వదిన సొమ్మసిల్లింది.

మర్నాడు ఆమె రెప్పలు కొట్టగానే, అందరి ముందే గ్లాసు పెదవులకు అందించాను.

"ఏంది తమ్మీ, నాగకన్య నీళ్ళు తాగుతదా?" ఒకాయన నవ్వాడు.

"నాగకన్య గాదన్నా, మా వదిన," అన్నాను మైకులోనే.

వదిన ఆ గుడారంలో మొదటిసారి నోరు విప్పింది.

"ఇంకో గిలాస పొయ్యి, మర్దీ."