ఫిల్మ్‌నగర్‌లో తాళం తీసిన ఇల్లు

మున్సిపల్ ఆఫీసులో నేను దోమల విభాగం సూపర్‌వైజరుగా పనిచేసేదాన్ని. ఇల్లిల్లూ తిరిగి నీళ్ల తొట్లు, డ్రమ్ములు చూసి మందు కొట్టించడం నా పని. ఆ వానాకాలం ఫిల్మ్‌నగర్‌లో ఒక సందులోని రెండంతస్తుల ఇంటిమీద వారానికో ఫిర్యాదు వచ్చేది. ఆ ఇంటికి తాళం పడి ఆరేళ్లయింది. గేటుకు మా వాళ్లు అంటించిన నోటీసులు ఒకదానిమీద ఒకటి తడిసి అట్టకట్టాయి. పక్కింటి పెద్దాయన నన్ను తన మేడమీదికి తీసుకెళ్లి చూపించాడు. అవతలి ట్యాంకుకు మూత లేదు, నీళ్లు పచ్చగా ఉన్నాయి.

“నోటీసులతో ఏమైతదమ్మా? మా మనవరాలు డెంగీతోని పది రోజులు దవాఖానల ఉన్నది” అన్నాడు.

ఆఫీసు రికార్డులో ఇంటి యజమాని చిరునామా శ్రీనగర్ కాలనీ అని ఉంది. వెళ్లి బెల్లు కొట్టాను. అరవై దాటిన ఒకావిడ గొలుసు తీయకుండానే తలుపు సందులోంచి చూసి, “మళ్లీ నోటీసేనా? ఇలా ఇవ్వండి, సంతకం పెడతాను” అన్నారు.

ఆ గొంతు వినగానే నిలబడిపోయాను. నా చిన్నప్పుడు తెరమీద ఎంతమంది హీరోయిన్లు ఏడ్చినా, ఆ ఏడుపు ఈ గొంతుదే. అయినా నాలో కోపం తగ్గలేదు. బోరబండలో మేం ఆరుగురం రెండు గదుల్లో సర్దుకుంటున్నాం.

“నోటీసు తెచ్చిన గానీ, ఒక మాట అడగాలె. అంత ఇల్లు ఎందుకమ్మా గట్ల పడావు పెట్టిండ్రు?”

ఆవిడ గొలుసు తీసి లోపలికి రమ్మన్నారు.

“అద్దెకిచ్చానమ్మా. పెద్దమనిషిలాగే కనిపించాడు. ఖాళీ చేయమంటే కదల్లేదు. ఫోను చేస్తే నా గొంతునే అనుకరించి నాకు వినిపించేవాడు. ‘నన్ను వదిలి వెళ్లకండీ’ అని, సినిమాలో ఏడ్చినట్టు. వెనకాల ఎవరో నవ్వేవాళ్లు.”

కోర్టుల చుట్టూ తిరిగి ఇల్లు దక్కించుకునేసరికి నాలుగేళ్లు పట్టిందట. ఆ తర్వాత డబ్బింగ్ థియేటర్లో మైకు ముందు నిలబడితే గొంతు పెగలలేదట. పని మానేశారు, ఇంటికి తాళం వేశారు.

“ఇంక ఎవరికీ ఇవ్వను” అన్నారు.

నోటీసు సంచిలోనే ఉండిపోయింది. ట్యాంకు కడిగించి తిరిగి ఇచ్చేస్తానని చెప్పి తాళంచెవి అడిగి తీసుకున్నాను.

మర్నాడు ఇల్లు తెరిచాం. పెచ్చులూడిన గోడలు, మెట్లమీద పావురాల రెట్టలు. కానీ కప్పు గట్టిగానే ఉంది. వంటింటి గట్టుమీది దుమ్ము చేత్తో తుడిస్తే కింద కడపరాయి నల్లగా మెరిసింది. బోరబండలో మేం అద్దెకుండే ఇంటి పై గదిలో ఉండే ఆమె గుర్తొచ్చింది. సినిమాల్లో కాస్ట్యూమ్ పని చేస్తుంది. వేళాపాళా లేకుండా వస్తుందని ఓనరు ఆమెను ఖాళీ చేయమన్నాడు.

మా అధికారి దగ్గరికి వెళ్లాను.

“సార్, ఇయ్యాల కడిగినా మళ్లా వానకు నిండుతది. ఆ ఇంట్ల మనుషులుండాలె.”

“ప్రైవేటు ఇల్లమ్మా. మనకేం హక్కున్నది?”

“హక్కు గాదు సార్. ఆమెకు కిరాయిదారంటే భయం. మనం మధ్యల నిలబడితే ఇస్తదేమో.”

ఆయన ఫోను అందుకున్నాడు. మహిళా సంఘాల విభాగం వాళ్లను పిలిపించాడు. చివరికి ఒక దారి దొరికింది. ఇంటిని మహిళా సంఘం తన పేర ఏడాదికి కిరాయికి తీసుకుంటుంది. మరమ్మతులు సంఘమే చేయిస్తుంది. ఒంటరిగా ఉండి పనిచేసుకునే ఆడవాళ్లకు గదులిస్తుంది. గడువు కాగానే ఖాళీ చేయించే పూచీ మా ఆఫీసుది.

ఆవిడ ఒప్పుకోలేదు. అధికారి స్వయంగా వచ్చి చెప్పినా ఒప్పుకోలేదు.

“మీరు మంచివారేనండీ. రేపు బదిలీ అయిపోతారు. అప్పుడు నేనెవర్ని అడగాలి?”

“నిజమే మేడం. నేను పోత. అందుకే నా పేరు గాదు, ఆఫీసు పేరు రాస్తున్నం” అన్నాడాయన. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

మరుసటి వారం కాస్ట్యూమ్ పనామెను వెంటబెట్టుకుని వెళ్లాను. ఏం మాట్లాడాలో నేను నేర్పలేదు.

“కిరాయిదారులంటే మీకు భయమంట. నాకు ఓనర్లంటే భయం అమ్మా” అంది ఆమె. “నాలుగిండ్లు మారిన. షూటింగులకు పోతదని తెలిస్తే చాలు, సామాను బయట పెడతరు.”

ఆవిడ కుర్చీ ఆమెకేసి జరుపుకున్నారు.

“మాకూ ఇచ్చేవారు కాదమ్మా, కొత్తల్లో. ‘సినిమావాళ్లా? అయితే వద్దు’ అనేవారు మొహమ్మీదే. ఆ పౌరుషంతోనే ఆ ఇల్లు కట్టుకున్నాను.”

ఆ మాట అన్నాక ఆవిడే కొంచెం ఉలిక్కిపడ్డట్టు కనిపించారు. లేచి లోపలికి వెళ్లి, కళ్లజోడు పెట్టుకొచ్చి, “ఏవీ ఆ కాగితాలు?” అన్నారు.

రెండు నెలల్లో ఏడుగురు చేరారు. కాస్ట్యూమ్ పనామె, ఇద్దరు డాన్సర్లు, ఒక హెయిర్ డ్రెస్సర్, బట్టల షాపులో పనిచేసే ముగ్గురు. పక్కింటి పెద్దాయన నెల తిరక్కుండానే మళ్లీ ఆఫీసుకు వచ్చాడు.

“సినిమా ఆడోళ్లను తెచ్చి పెట్టిండ్రు. దోమలే నయముండె.”

నాకు ఒళ్లు మండిపోయింది. “మీ మనవరాలికి జ్వరమొచ్చినప్పుడు గట్ల అనలేదు కదా పెద్దాయనా” అన్నాను. ఆయన విసురుగా వెళ్లిపోయాడు. అంత కటువుగా అనకుండా ఉండాల్సింది. తర్వాత కూడా గేటు చప్పుడనీ, బండ్లు అడ్డమనీ ఆయన ఫిర్యాదులు వస్తూనే ఉండేవి.

ఏడాది లోపే మా అధికారి నిజంగానే బదిలీ అయ్యాడు. ఒప్పందం గడువు దగ్గర పడింది. కొత్తాయనకు సంగతేమీ తెలియదు. ఆవిడ ఇల్లు వెనక్కి అడుగుతారనే అనుకుని, ఏడుగురికీ ఎలా చెప్పాలా అని సతమతమవుతున్నాను. ఒకరోజు పొద్దున్నే ఆవిడే ఆటో దిగి ఆఫీసులోకి వచ్చారు. కొత్త అధికారి ముందు కుర్చీలో కూర్చుని, “ఇంకో ఏడాదికి రాయండి” అన్నారు. “అయితే పై గది కిటికీ తలుపు బాగుచేయించాలి. వాన జల్లు ఆ పిల్లల పక్కలమీద కొడుతోందట.”