ఫోర్‌మన్ బాబు కారు ఉడికిన పూట

విశ్వకర్మ పూజ నాడు జంషెడ్‌పూర్‌లో పానా ముట్టే మేస్త్రీ ఉండడు. పనిముట్లన్నీ కడిగి, సిందూరం పెట్టి, బంతిపూలు చల్లి దేవుడి ముందు పరిచేస్తారు. మనిషి చెట్టుకు మొక్కాడు, పాముకు మొక్కాడు, రాయికి మొక్కాడు. ఏడాది పొడవునా తన చేతిలో నలిగే ఇనుముకు ఒకరోజు సెలవిచ్చి దణ్ణం పెట్టడంలో ఉన్న మర్యాదే వేరు. గోల్‌మురి పేటలో కార్లు బాగుచేసే అసిరయ్య షెడ్డు ముందూ ఆ పొద్దున అదే వరస. ఖిచిడీ గుండిగ దిగింది. చుట్టుపక్కల గ్యారేజీల వాళ్లు ఇరవైమంది విస్తళ్ల ముందు కూర్చున్నారు. అప్పుడే ఒక తెల్లకారు బానెట్ సందుల్లోంచి ఆవిరి కక్కుతూ వచ్చి ఆగింది.

నడుపుతున్న అమ్మాయి కంగారుగా దిగింది. పక్కసీటులోంచి దిగిన ముసలాయన్ని చూడగానే అసిరయ్య చేతిలో గరిటె ఆగిపోయింది.

ధర్మరాజు.

ఇరవై రెండేళ్ల కిందట ఇద్దరూ ఒక లారీల కంట్రాక్టరు వర్క్‌షాపులో పనిచేశారు. ధర్మరాజు ఫోర్‌మన్, అసిరయ్య మేస్త్రీ. ఇలాంటి పూజ రోజునే ధర్మరాజు యజమాని జీపు వేసుకుని విందుకు బయల్దేరాడు. దారిలో ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. ఆపి బానెట్ ఎత్తితే పండగ పూట చేతులు మురికవుతాయి, విందుకు ఆలస్యమవుతుంది. అలాగే తోలాడు. ఇంజిన్ పట్టేసింది. మర్నాడు యజమాని ముందు నిలబడి, "అసిరిగాడు నీళ్లు పోయడం మరిచాడండీ" అన్నాడు. అసిరయ్య ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది. అంతటితో పోతే బాగుండేది. ఇంజిన్‌ను ఎండబెట్టిన మేస్త్రీ అని ఊరంతా అతణ్ణి 'సూఖా మిస్త్రీ', అంటే ఎండు మేస్త్రీ, అనడం మొదలుపెట్టింది. పగను దాచుకోవడానికి కొందరు మనసులో చోటు వెతుక్కుంటారు. అసిరయ్యకు ఆ పని లేకుండా పోయింది, ఊరే రోజుకు పదిసార్లు గుర్తుచేసేది.

"ఎవరయ్యా ఇక్కడ మేస్త్రీ?" అన్నాడు ధర్మరాజు.

"నానే, ఫోర్‌మన్ బాబూ. సూఖా మిస్త్రీని."

ధర్మరాజు ముఖం మాడిపోయింది. మాట తప్పించడానికి జేబురుమాలు చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత మీదికి వంగాడు. ఉడుకుతున్న నీళ్ల మీద మూత తిప్పితే ముఖం మిగలదు. ఆ సంగతి అసిరయ్యకు తెలుసు. తిప్పనీ, అనుకున్నాడు. ఇంతలో ఆ అమ్మాయి కూడా పక్కకొచ్చి వంగింది.

"ముట్టకు! ఆ పిల్లని కూడా కాల్చీగలవు," అని అరిచాడు అసిరయ్య.

ఆ అమ్మాయి రోహిణి, ధర్మరాజు కోడలు. "అంకుల్, పన్నెండింటికి సోనారిలో సభ. మెకానిక్‌ల సంఘం మామయ్యకు సన్మానం చేస్తోంది. ప్లీజ్, జల్దీ దేఖియే, త్వరగా చూడండి."

"ఏటని సన్మానం?"

"ముప్పై ఏళ్లలో ఒక్క ఇంజిన్ కూడా పాడవనివ్వని ఫోర్‌మన్ అని."

విస్తళ్ల దగ్గర ఎవడో పకపకా నవ్వాడు.

"ఇయ్యాల పానా ముట్టనమ్మా. సేతులకి పూజ లేదు గనక సేతుల్తో సూత్తాను. కానీ ముందు ఫోర్‌మన్ బాబు ఒక మాట సెప్పాల. ఆ జీపు ఎవుడు తోలీసినాడు?"

"ఆ పాత సోది ఇప్పుడెందుకు అసిరీ?"

"అయితే ఆటో సూసుకోండి."

పూజ ఊరేగింపులతో రోడ్లన్నీ నిండిపోయాయి, ఆటో అన్నది కంటికి కనిపించడం లేదు. ధర్మరాజు గడియారం చూసుకున్నాడు, తానేనని గొణిగాడు.

"ఇనబడలేదు. అప్పుడు గట్టిగానే సెప్పినావు గదా?"

"నేనే తోలాను! ముల్లు ఎర్రగీత దాటినా ఆపలేదు. నీ తప్పు లేదు. చాలా?"

ఇరవై విస్తళ్ల దగ్గర ఒక్క చెయ్యీ కదల్లేదు.

అసిరయ్య పనికి వంగాడు. ఇంజిన్ కాస్త చల్లారేదాకా ఆగి మూత తీశాడు. నీళ్లు పెద్దగా తగ్గలేదు, అంటే కారడం లేదు. పై గొట్టం, కింది గొట్టం పట్టుకున్నాడు. రెండూ వేడిగానే ఉన్నాయి, అంటే నీళ్లు తిరుగుతున్నాయి.

"ఖాళీ రోడ్డు మీద బాగుండి, జనంలో ఆగితే ఉడికిందా?"

"అవునంకుల్, ఎలా తెలిసింది?"

"పరిగెడితే గాలి తగుల్తాది. ఆగితే ఫ్యాన్ తిరగాల. తిరగలేదు."

ఫ్యాన్ ఫ్యూజు తీసి వెలుతురులో చూశాడు, మంచిదే. పక్కనున్న పెట్టెలోంచి ఫ్యాన్‌కు కరెంటు అందించే రిలే అనే చిన్న నల్లటి ముక్కను వేళ్లతోనే లాగేసి, అదే అచ్చులో ఉన్న హారన్ రిలేను దాని చోట గుచ్చాడు. ఇంజిన్ మళ్లీ వేడెక్కగానే ఫ్యాన్ గిర్రున తిరిగింది.

"ఇక హారన్ మోగదు. జనాన్ని మీ మామే అరిసి తప్పిత్తాడు."

రోహిణి నవ్వలేదు. బ్యాగులోంచి సభలో తాను చదవాల్సిన కాగితం తీసి, పెన్నుతో ఒక వాక్యం కొట్టేసింది.

"రోహిణీ!" అన్నాడు ధర్మరాజు.

"అబద్ధం చదవలేను మామయ్యా."

"కొట్టేత్తే సాలదమ్మా," అన్నాడు అసిరయ్య. "ఆ సోట నా పేరు రాయి. జీపు సంగతి రాయి."

ఆమె బానెట్ మీద కాగితం పెట్టి నాలుగు వరుసలు రాసింది. రాసిందాన్ని పైకి చదివి వినిపించమన్నాడు. వినిపించింది. 'యజమానితో' అన్న మాట తర్వాత 'అబద్ధం' అనే మాట ఇంకోసారి రాయించాడు. ధర్మరాజు కారులో కూర్చుని తలుపు వేసుకున్నాడు.

కారు జనంలోకి కదిలింది. అసిరయ్య భార్య సింహాచలమ్మ నిండు విస్తరి తెచ్చి ముందు పెట్టింది. "కడుపుమంట సల్లారిందా? ఇకనైనా తిను."

అసిరయ్య అప్పటికే స్కూటరు స్టాండు తీసేస్తున్నాడు.

"యాడికి?"

"సోనారి. ఆ పిల్ల సదివేటప్పుడు ముందు వరసలో కూకోవాల. ఆడు నా మొకం సూడాల."