చంద్రుడు కనబడని నెల

మాది గుంటూరు వైపు యూదుల కుటుంబం. ఇప్పుడుంటున్న ఢిల్లీ పక్క ఇందిరాపురంలో ఈ మాట చెబితే పక్క ఫ్లాట్ ఆంటీ ఇప్పటికీ "అచ్ఛా, క్రిస్టియనా?" అంటుంది. వివరించే ఓపిక నాకు ఎప్పుడో పోయింది.

అమావాస్య వెళ్లి కొత్త నెల మొదలైన రోజున అమ్మ సూది పట్టదు, బట్టలు ఉతకదు. ఆ రోజు ఆడవాళ్లకు సెలవట. పనంతా నా నెత్తిన పడుతుంది, నేను ఆడదాన్ని కానేమో మరి! ఆ తరువాత పౌర్ణమి లోపు ఒక సాయంత్రం చంద్రుణ్ణి కళ్లారా చూసి, మూడుసార్లు మడమలెత్తి, దీవెన చెప్పాలి. చెప్పినవాళ్లకు ఆ నెలలో చావు రాదని అమ్మ నమ్మకం. నాకు ఇలాంటివి పట్టవు. నేను నర్సును; చావు ఎవరినీ అడిగి రాదని రోజూ చూస్తూనే ఉన్నాను.

పోయిన శీతాకాలం ఒక నెల చంద్రుడే కనబడలేదు. అంతా పొగ. ఎదురు టవరే కనబడనప్పుడు చంద్రుడేం కనబడతాడు? అమ్మ ఊపిరితిత్తులు అసలే అంతంతమాత్రం. అయినా రోజూ సాయంత్రం శాలువా కప్పుకుని టెర్రస్‌కు బయలుదేరేది. చివరికి టెర్రస్ తాళంచెవి నా బ్యాగులో వేసుకుని డ్యూటీకి వెళ్లడం మొదలుపెట్టాను.

పౌర్ణమి ముందురోజు సాయంత్రం ఇంటికి రాగానే అమ్మ గుమ్మంలోనే పట్టుకుంది.

"చంద్రుడు కనపడ్డాడా?"

విసుగొచ్చి అబద్ధమాడాను. "ఆ, ఆసుపత్రి మెట్ల మీద నుంచి కనపడ్డాడు. దీవెన కూడా చెప్పుకున్నా. ఇంక నన్ను టెర్రస్ తాళం అడగొద్దు."

"మడమలు మూడుసార్లు ఎత్తావా?"

"ఎత్తానమ్మా!"

అమ్మ శాలువా తీసి మడతపెట్టింది. ఆమె ముఖం తేటపడింది.

"హమ్మయ్య. ఇంట్లో ఉండేదాన్ని, నాదేముందే? నువ్వు రోజూ ఆ పొగలో పడి రోగాల మధ్యకి పోతావు. కనపడగానే నీకు ఫోన్ చేద్దామనే పైకి పోయేదాన్ని."

ఏమీ పట్టదనుకున్న నాకు భయమేసింది. పాల ప్యాకెట్ తెస్తానని చెప్పి టెర్రస్ మీదికి పరుగెత్తాను. తూర్పున బూడిదరంగు తప్ప ఏమీ లేదు. చూడకుండా దీవెన చెప్పకూడదని తెలుసు. అయినా ఆ వైపు తిరిగి మడమలెత్తాను. మూడోసారి ఎత్తేసరికి దగ్గు వచ్చింది. ఎంతకీ ఆగలేదు. కింద అమ్మకు వినబడుతుందని చున్నీ నోట్లో కుక్కుకున్నాను.