వినపడలేదు, మళ్లీ చదువు

నంబరు బాబాయ్ పేర్లను నమ్మడు. మనుషుల పేర్లయినా, బస్సు బోర్డులయినా, కంప్యూటర్లో డిస్కుల పేర్లయినా సరే, వేరే ఆనవాలు చూడందే ఆయనకు మనసొప్పదు.

బస్సెక్కే ముందు బోర్డు చదివి, డ్రైవర్నడిగి, కండక్టర్నడిగి, కిటికీ పక్కన కూర్చున్నాయన్ని కూడా అడిగేవాడు. ఈలోగా బస్సు వెళ్లిపోయేది. కవల మనవరాళ్లకు చాక్లెట్ ఇవ్వాలన్నా చెవి వెనక పుట్టుమచ్చ చూసి మరీ ఇచ్చేవాడు. "దొంగపిల్లలు! పేర్లు మార్చుకుని రెండోసారి వస్తారు. మచ్చ మార్చుకోలేరుగా?" అనేవాడు. సొంత మనవరాళ్లను తనిఖీ చేసే తాతను మిమ్మల్నే చూశానని భార్య తల కొట్టుకునేది.

ఆయన కొలువు ఒక ఆసుపత్రి సర్వర్ గదిలో. రోగుల స్కాన్లన్నీ అక్కడి లైనక్స్ యంత్రంలోనే ఉండేవి. ఆ గదికి రికార్డులమ్మ బదిలీ మీద వచ్చింది. పద్దెనిమిదేళ్లు కాగితపు ఫైళ్ల మధ్య పనిచేసిన మనిషి. ఆ ఫైళ్ల గది మూసేశారు. మూడు నెలల్లో కొత్త పని పట్టుబడితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఇంటికే. నలభై రెండేళ్ల వయసులో నల్లటి తెర ముందు కూర్చుని మళ్లీ ఓనమాలు మొదలుపెట్టింది.

మొదటిరోజే బాబాయ్ డిస్కుల జాబితా తెరిపించాడు.

"ఎస్‌డీఏ, ఎస్‌డీబీ. రెండున్నాయి బాబాయ్ గారూ."

"అవి పేర్లు కావమ్మాయ్, కుర్చీలు. యంత్రాన్ని ఆపి లేపితే ఎవరు ముందొస్తే వాళ్లు కూర్చుంటారు. డిస్కుకి కంపెనీ వేసిన నంబరుంటుంది. అది మారదు. చదువు."

ఆమె పద్నాలుగక్షరాలూ చదివింది.

"వినపడలేదు, మళ్లీ చదువు."

అదే చిత్రం. మూడంతస్తుల కింద క్యాంటీన్లో కప్పుల చప్పుడైతే లేచి నిలబడే మనిషికి, పక్కనే కూర్చుని చదివిన నంబరు వినపడేది కాదు. ప్రతి పనికీ ముందు మూడుసార్లు, నాలుగుసార్లు. ఆయన తన తెర వైపు చూస్తూ చెవి గోక్కునేవాడు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు" అని ఆమె గొణుక్కునేది.

ఆ గొణుగుడు మాత్రం చక్కగా వినపడేది. "శంఖం తర్వాత ఊదుదువుగాని, ముందు నంబరు చదువు."

మూడో నెల చివర్లో స్కాన్లకు చోటు చాలక కొత్త డిస్కు తెప్పించారు. యంత్రాన్ని ఆపి, డిస్కు బిగించి, మళ్లీ లేపారు. పని పూర్తయ్యేదాకా స్కాన్ల డిస్కును వాడకం నుంచి తప్పించారు. కొత్తదాన్ని ఫార్మాట్ చేసి, అంటే తుడిచి వాడకానికి సిద్ధం చేసే పని రికార్డులమ్మది. మూడోది కదా, ఎస్‌డీసీ అవుతుందనుకుని ముందురోజే ఆదేశాన్ని కాగితం మీద రాసిపెట్టుకుంది. ఆసుపత్రి పెద్దసారు గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు.

"కొత్తదాని నంబరు?" అన్నాడు బాబాయ్.

చదివింది. వినపడలేదు. మళ్లీ చదివింది. వినపడలేదు.

"ఏమండీ, ఈ పారాయణం ఎంతసేపు? డాక్టర్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు!" అన్నాడు పెద్దసారు.

ఐదోసారికి బాబాయ్ తన తెర చూసుకుని, "వినపడిందిలే. కానీయ్" అన్నాడు.

కంగారులో ఉన్న మనిషికి నోరు చదివింది బుర్రకెక్కదు. ఆమె కాగితంలో ఉన్నదున్నట్టు టైపు చేసింది. ఇందులో ఏదో ఉంది, అయినా కానిద్దామా అని యంత్రం అడిగింది. ఇదీ బాబాయ్ లాగే తయారైందని విసుక్కుని, అవునని కొట్టేసింది.

అప్పుడు నంబర్లు చూసుకుంది. కొత్త డిస్కు ఎస్‌డీబీ కుర్చీలో కూర్చుంది. ఎస్‌డీసీలో ఉన్నవి స్కాన్లు.

రేపటి ఆపరేషన్లవి కూడా అందులోనే! తన ఉద్యోగం సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది. "బాబాయ్ గారూ, స్కాన్లు తుడిచేశాను" అంది, తనకే వినపడనంత మెల్లగా.

బాబాయ్‌కి వినపడింది. మంచినీళ్ల సీసా ఆమె ముందుకు జరిపి, గుమ్మం వైపు తిరిగాడు. "సార్, ఇంకో గంటన్నర పడుతుంది."

"ముందు ఆ చెవులకు వైద్యం చేయించుకోండి. ఆసుపత్రిలోనేగా ఉన్నారు!" అంటూ పెద్దసారు వెళ్లిపోయాడు.

బాబాయ్ తన తెరను ఆమె వైపు తిప్పాడు. వేరే యంత్రంలోకి స్కాన్ల కాపీ, నూరు శాతం పూర్తి.

"పాతవి ముందే కాపీ అయ్యాయి. ఇవాళ్టివి మిగిలాయి. నువ్వు నాలుగోసారి చదివేటప్పటికి ఎనభై దగ్గరుంది."

"అంటే మీకు వినపడుతోందా?"

"మొదటిసారే. ప్రతిసారీ రెండో అక్షరం మింగేస్తున్నావు కూడా."

"కాపీ ఉందని ఒక్క మాట చెప్పొచ్చుగా! ప్రాణం పోయినంత పనైంది."

"చెబితే చెయ్యి వణకదమ్మాయ్. వణకని చేతికి డిస్కులివ్వకూడదు. కొత్తలో నేనూ ఒకటి తుడిచాను. అప్పుడు నా పక్కన చెవిటివాడెవడూ లేడు."

ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. సాయంత్రానికి స్కాన్లన్నీ తిరిగొచ్చాయి. జరిగింది ఆమే వెళ్లి పెద్దసారుకి చెప్పింది.

"ఏమైనా పోయిందా?"

"లేదండీ, అన్నీ వచ్చేశాయి."

"మరింకేం! రేపు పెందలాడే రండి."

ఇప్పుడు బాబాయ్ రిటైరయ్యాడు. మచ్చలు వెతుక్కుంటూ హాయిగా ఉన్నాడు. ఆయన కుర్చీలో రికార్డులమ్మ కూర్చుంటోంది. మొన్న చేరిన ఇంజనీరమ్మ డిస్కు నంబరు గణగణా చదివేసి, ఇక కొట్టేయనా అన్నట్టు చూసింది.

రికార్డులమ్మ తన తెర చూసుకుంది. అరవై రెండు శాతం. తీరిగ్గా చెవి గోక్కుంది.

"వినపడలేదమ్మాయ్, మళ్లీ చదువు."